ఇనప మనిషి ఎవరికి మేనమామ?

మా వీధిలో ఒకమ్మాయికి ఎస్సై ఉద్యోగం వచ్చింది. ట్రైనింగుకు పోయేముందు మిఠాయి పొట్లంతో మా ఇంటికొచ్చి, "అంకుల్, నోరు విప్పని సాక్షిని మాట్లాడించాలంటే ఏం చేయాల?" అని అడిగింది. మంచి ప్రశ్న. నేను గొంతు సవరించుకునే లోపల ఆ పిల్లకు ఫోనొచ్చింది. మాట్లాడతానే చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మిఠాయి మిగిలింది, జవాబు మిగిలింది. మిఠాయి సంగతి మా ఇంటామె చూసుకుంది. జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ఎస్సైగా చేరి, సీఐగా దిగి, ఆత్మకూరులో ఇల్లు కట్టుకుని కూర్చున్నవాణ్ణి. ఏ ఏడు ఎక్కడ పనిచేసినాను, ఏ బదిలీ ఎవరి పుణ్యం, ఇవన్నీ వదిలేస్తున్నా. అవి చదివితే మీకు నిద్రొస్తుంది, రాస్తే నాకు కోపమొస్తుంది. ఉద్యోగమంటే జీపు, లాఠీ, సెల్యూటు అనుకుని వచ్చినాను. తీరా చూస్తే ఎదురుగా కూర్చున్న మనిషి ఏం చూసినాడో, ఏం చూసినాననుకుంటున్నాడో విడదీయడమే ఉద్యోగమంతా. ఇప్పుడు కెమెరాలు, సెల్ టవర్లు వచ్చినాయి కదా అంటారేమో. వచ్చినాయి. కానీ మనవాళ్లు కెమెరా లేని చోటు చూసుకునే కొట్టుకుంటారు.

ఈ విద్య నాకు సగం ఇద్దరు పై అధికారుల దగ్గర వచ్చింది. మిగతా సగం రిటైరైనాక, ఒక సినిమా దగ్గర వచ్చింది.

పేర్లు తప్పుగా పలికే సారు

నా మొదటి సీఐ గారికి ఏ పేరూ గుర్తుండేది కాదు. ఊరిపేరు తప్పు, మనిషిపేరు తప్పు. ఎదురుగా ఉన్నది గొర్రెల కేసైతే ఆయన బర్రెల గురించి అడిగేవాడు. ఈయన కింద పనిచేస్తే నా భవిష్యత్తు ఏం కాను అని దిగులుపడినాను.

సీతారామపురం పక్కన ఒక పల్లెలో దొడ్డిలోంచి గొర్రెలు పోయినాయి. దొడ్డికి ఆనుకుని ఒక అవ్వ గుడిసె. చూసి ఉంటే ఆమే చూసి ఉండాల. పొద్దున్నుంచి అడుగుతున్నాను. "నాకేం తెల్దు సామీ, నాకు కళ్లు ఆనవు" అనే ఒక్క మాట తప్ప ఆమె నోట్లోంచి ఇంకోటి రాలేదు. మధ్యాహ్నానికి సారు జీపు దిగి, అవ్వ పక్కన అరుగు మీద కూర్చుని, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగినాడు.

"సరేలే సుబ్బమ్మా, వానలో నీకు మాత్రం ఏం కనపడతాది" అన్నాడు.

"నేను సుబ్బమ్మను గాదు, లచ్చమ్మను. వానేంది సామీ? ఈ ఊళ్లో వాన పడితే మేం గొర్రెలెందుకు కాస్తాం? పిండారబోసినట్టు వెన్నెల."

"ఆ, వెన్నెల్లో లారీ వచ్చింది..."

"లారీ ఈ సందులోకి ఎట్టా వస్తాది? ట్రాక్టరు."

"అదే, ట్రాక్టరులో ఆ ఇద్దరు ఆడోళ్లు..."

"ఆడోళ్లా! ముగ్గురూ మొగోళ్లే. మీసాలోడు మా రత్తమ్మ అల్లుడు గదా..." అని అవ్వ గబుక్కున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పటికే సారు మజ్జిగ చెంబు కింద పెట్టేసినాడు.

ఆ రోజు నుంచి ఆయన వెనకాలే తిరిగినాను. ఎదుటి మనిషి ప్రశ్నకు జవాబు చెప్పకపోవచ్చు గానీ, తప్పు వింటే దిద్దకుండా ఉండలేడు. ఆయన రిటైరైన రోజు దండ వేసి అడిగేసినాను, "సార్, మీరు కావాలనే తప్పులు చెప్పేవారు గదా?" అని. ఆయన నా భుజం తట్టి, "అదేం లేదయ్యా సుబ్బారావూ, నాకు మొదట్నుంచీ మతిమరుపు" అన్నాడు.

నా పేరు రమణయ్య. అది మతిమరుపో, పనితనమో ఈ రోజుకూ తేల్చుకోలేకపోయినాను.

బల్ల గుద్దే సారు

రెండో ఆయన గురించి ఎక్కువ రాయను, ఏ స్టేషనో అసలే రాయను. ఆయనకు తెలిసిన ప్రశ్న ఒక్కటే, బల్ల గుద్దడం. కలువాయి వైపు ఒక రైతు బావిదగ్గరి కరెంటు మోటారు పోయిందని వచ్చినాడు. సారు ఒక కూలి మనిషిని పిలిపించి బల్ల గుద్దినాడు. కూలాయన తీసినానన్నాడు. "ఒక్కడివే మోసినావా?" అంటే ఒక్కణ్ణే అన్నాడు. "ఇద్దరు మోసినారు గదా?" అంటే ఇద్దరం అన్నాడు. "యాడ దాచినావు?" అంటే "తమరు యాడ చెప్తే ఆడే సార్" అన్నాడు. నేను పక్కనే నిలబడి రాసుకుంటున్నాను.

సాయంత్రానికి రైతు బావమరిది మోటారును బండి మీద వేసుకుని వచ్చినాడు. కాలిపోయిందని వింజమూరుకు తీసుకుపోయి కాయిల్ చుట్టించినాడంట, బావకు చెప్పడం మరిచినాడంట. పోనే పోని మోటారును ఒకాయన దొంగిలించినానని ఒప్పుకుని కూర్చున్నాడు. సారు మళ్లీ బల్ల గుద్ది అందర్నీ పొమ్మన్నాడు.

ఇద్దరు సార్లకూ తేడా చెప్తా, గుర్తుపెట్టుకోండి. మొదటాయన తప్పు చెప్తే అవ్వ దిద్దింది, ఎందుకంటే ఆమెకు ఆయనంటే భయం లేదు. రెండో ఆయన తప్పు చెప్తే కూలాయన తలాడించినాడు. భయపడిన మనిషి మీ తప్పును దిద్దడు. మీ తప్పునే మడిచి మీ చేతికిస్తాడు.

అక్క "కాదు" అన్న రోజు

ఇక సినిమా.

మా కోటమ్మక్క నాకంటే మూడేళ్లు పెద్దది. ఉదయగిరి బస్టాండు దగ్గర దోసెల అంగడి నడిపింది. చెయ్యి పెనం మీద, నోరు కండక్టర్ల మీద. ఆమె గొంతు కొండ మీద కోట దాకా వినపడతాదని ఊళ్లో అనుకునేవాళ్లు. నేను సీఐ అయినాక కూడా యూనిఫాంలో అంగడి ముందు నిలబడితే, "రేయ్ రమణా, గిరాకీకి అడ్డం లెయ్" అనేది.

అట్లాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు, మాట మూడూ పడిపోయినాయి. నెల్లూరులో చూపించి, ఆత్మకూరుకు మా ఇంటికి తీసుకొచ్చుకున్నాం. అంగడి మేనల్లుడు చూసుకుంటున్నాడు. చెయ్యీ కాలూ కొంచెం కొంచెం తిరుగుతున్నాయి గానీ మాట మాత్రం రాలేదు. మాటలు నేర్పే డాక్టరమ్మ బొమ్మల పుస్తకం తెచ్చి, "ఇదేంటమ్మా? ఆవు. అనండి, ఆ...వు" అంటే, అక్క ఆమెను చూసే చూపుకు ఆ పుస్తకం మండిపోవాల్సింది. డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి, "ఆమెకు మాట లోపల ఉంది, బయటికి తేవాలన్న పట్టు లేదు. మీరు పాత సంగతులు కదిలించండి. ఒక్కటే షరతు, ఆమె తడుముకుంటే మీరు మాట అందించొద్దు" అని చెప్పింది.

పాత సంగతులు కదిలించినాను. మా నాయన సంగతి, మా అవ్వ సంగతి, అక్క పెళ్లి సంగతి. అక్క గోడవైపు తిరిగి పడుకునేది. నేను జీవితమంతా జనాన్ని మాట్లాడించినవాణ్ణి. సొంత అక్క నోట ఒక్క ముక్క రాబట్టలేకపోయినాను. పెరట్లోకి పోయి నిలబడి కళ్లు తుడుచుకుని వచ్చిన రోజులున్నాయి.

ఒకరోజు టీవీలో శ్రీహరికోట నుంచి రాకెట్టు వదులుతున్నారు. అక్క చూస్తా ఉంది. నేను ఊరికే అన్నాను, "అక్కా, చిన్నప్పుడు ఉదయగిరి డేరా టాకీసులో రాకెట్టు సినిమా చూసినాం, గుర్తుందా? నేల టిక్కెట్టు. వేరే లోకానికి పోతారు, ఆడ ఇనప మనిషి ఉంటాడు. చివర్లో ఇనప మనిషి భోరున ఏడుస్తాడు గదా."

"కా...దు."

నేను టీవీలోంచి వచ్చిందనుకున్నాను. తిరిగి చూస్తే అక్క నన్నే చూస్తా ఉంది. పెదవి ఒకవైపుకు లాక్కుపోయి, మెడనరం ఉబ్బి ఉంది.

"కాదు" అనింది మళ్లీ. "ఏ...డ...వ...లే."

 పరిగెత్తి మా ఇంటామెను పిలుద్దామనుకుని, అంతలోనే అరుగు మీద మజ్జిగ తాగుతున్న సారు గుర్తొచ్చి, కదలకుండా కూర్చున్నాను.

"ఏడ్చినాడక్కా, నాకు బాగా గుర్తు" అన్నాను.

ఎడమచేత్తో మంచం మీద గుద్దింది. "ఏడవలే! మే...న...మామ."

"మన మేనమామా? ఆయన పోయి చాన్నాళ్లయింది గదా."

మళ్లీ గుద్దింది. చాలాసేపు పెనుగులాడి, "ఇ...న...ప" అనింది.

ఇనప మనిషి మేనమామ. ఎవరికి మేనమామ, ఎట్లా మేనమామ అనేది ఆ రోజు తేలలేదు. కానీ రాత్రి అన్నం దగ్గర అక్క తనంతట తానే నావైపు వేలు చూపించి, "తప్పు" అనింది. మా ఇంటామె కంటినిండా నీళ్లు పెట్టుకుని, "మీరు ఇన్నాళ్లకు పనికొచ్చే తప్పు ఒకటి చేసినారు" అనింది.

సంగతి విని డాక్టరమ్మ నవ్వి, "రోజూ ఇట్టాగే గొడవ పెట్టుకోండి" అని మందు రాసినట్టు చెప్పింది.

మూడు వాఙ్మూలాలు

రోజూ గొడవ పెట్టుకోవాలంటే సరుకు కావాల. ఆ సినిమా ఏదో కనుక్కుని చూపిస్తే అక్క ఇంకెంత మాట్లాడతాదో అని ఆశ పుట్టింది. ఫోన్లో పాత సినిమాల గ్రూపు ఒకటుంది. అందులో రాసినాను: "మా చిన్నతనంలో వచ్చిన తెలుగు సినిమా. రాకెట్టులో వేరే లోకానికి పోతారు. అక్కడి ఇనప మనిషి ఎవరికో మేనమామ. పేరు చెప్పగలరు." జవాబులు గంటలోపలే వచ్చినాయి. ఒకాయన అట్లాంటి సినిమా తెలుగులో రాలేదు పొమ్మన్నాడు. ఒకాయన మీరు వాడే మందులేవి అని అడిగినాడు. ఒకామె మాత్రం, ఇనప మనిషైనా మేనమామ మేనమామే, గౌరవించాల అని రాసింది.

అక్కను కారులో కూర్చోబెట్టుకుని ఉదయగిరి పోయినాను. నాతో చదివిన ఖాదర్ బాషా అక్కడ చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే పనిలో ఉన్నాడు. అక్క అంగడికి మొదటి దోసె గిరాకీ వాడే. ఇంకో క్లాసుమేటు పెంచల్‌రెడ్డి. వాళ్ల నాయన సర్పంచిగా చేసినాడు, వాడూ చేసినాడు. చేసిన సంగతి ఇంకా మరిచిపోలేదు. ఇద్దర్నీ ఖాదర్ వసారాలో కూర్చోబెట్టినాను. నిజానికి సాక్షుల్ని విడివిడిగా అడగాల. మీరు విడివిడిగానే అడగండి. నాకు అక్క ముందర గొడవ కావాల గాబట్టి కలిపే అడిగినాను.

"మేనమామేందిరా?" అన్నాడు ఖాదర్. "ఇనప మనిషంటే శాపం తగిలిన రాజకొడుకు గదా. ఆ వెండి గౌనామెను పెళ్లి చేసుకుంటే శాపం పోతాది. ఎంత బాగా పద్యం పాడినాడు!"

"మీ ఇద్దరికీ మతి పోయింది" అన్నాడు పెంచల్‌రెడ్డి. "ఆయన ఆ లోకానికి సర్పంచి. జనానికి నీళ్లు తెచ్చిపెడతాడు. రంగుల సినిమా. ఎర్రకోటు వేసుకుని ఉంటాడు."

"ఇనప మనిషికి కోటేందిరా, తుప్పు పట్టకుండానా?"

"మేన...మామ!" అని అక్క కుర్చీలోంచి కేకేసింది. ఖాదర్ చేతిలో ఉలి ఆగిపోయింది. వాడు అక్క మాట విని చాన్నాళ్లయింది. వాడి కళ్లు తడైనాయి. అయినా వాడు ఖాదర్ గాబట్టి, "కాదక్కా, రాజకొడుకే" అన్నాడు.

గంటసేపు కొట్లాడుకున్నారు. నేను మధ్యలో దూరకుండా విన్నాను. వినగా వినగా నాకొకటి తట్టింది. కంటితో చూసిన సంగతుల్లో ముగ్గురికీ తేడా లేదు. గాజుబుడ్లు తలకు బోర్లించుకున్న మనుషులు, ముగ్గురూ చూసినారు. లోయలోంచి నీళ్లు ఆకాశానికి ఎగబాకడం, ముగ్గురూ చూసినారు. ఇనప మనిషి రొమ్ము మీద దీపం, ఒకచెయ్యి పెద్దది, ఒకచెయ్యి చిన్నది, ముగ్గురూ చూసినారు. పెంచల్‌రెడ్డి ఎర్రకోటు ఒక్కటి పక్కన పెడితే బొమ్మంతా ఒకటే. కథ మాత్రం మూడు.

"ఇనప మనిషి పద్యం పాడినాడంటివే, మొగం ఎట్టా ఉంటాదిరా?" అని ఖాదర్‌ను అడిగినాను.

"మొగమేంది, ఇనప డబ్బా. రెండు కళ్లు."

"నోరు?"

ఖాదర్ ఆలోచనలో పడినాడు. అక్క ఎడమచెయ్యి తన పెదవుల మీద పెట్టుకుని అడ్డంగా ఊపింది. "నోరు... లేదు."

నోరు లేనివాడు పద్యం ఎట్లా పాడినాడు? ఖాదర్ ఉలి కింద పెట్టేసినాడు. తర్వాత పెంచల్‌రెడ్డి మెల్లిగా, "డేరాలో తెర పక్కన మైకు పట్టుకుని ఒకాయన నిలబడేవాడు గదరా" అన్నాడు. "నాటకాలాయన. శేషయ్య."

మేం చిన్నపిల్లలం. చెవిలో పడిన తెలుగంతా బొమ్మదే అనుకున్నాం. సినిమా ఇంగ్లీషుది, కథ శేషయ్యది. సాక్షి దగ్గర కూర్చున్నప్పుడు మీరు మొట్టమొదట చేయాల్సింది ఇదే. కన్ను చెప్పిందేది, చెవి చెప్పిందేది, వేరుచెయ్యండి. చాలామంది ఎవరో చెప్పగా విన్నదాన్ని తామే చూసినామని ప్రమాణం చేస్తారు, అందులో అబద్ధం కూడా ఉండదు.

శేషయ్య ఒప్పుకోలు

శేషయ్య బతికే ఉన్నాడు. వింజమూరులో కూతురింట్లో ఉన్నాడని ఖాదరే కనుక్కున్నాడు. మరుసటి వారం పోయినాను. సన్నగా, తెల్లగా, చెవులు పెద్దవి చేసుకుని కూర్చున్న ముసలాయన. పోలీసాయన వచ్చినాడని కూతురు చెప్పగానే లేచి నిలబడబోయినాడు. నేనే కూర్చోబెట్టి, వచ్చిన పని చెప్పినాను. ఆయన మొగం వెలిగిపోయింది.

"ఆ రాకెట్టు బొమ్మా! అయ్యా, దాని కథ నాకేం తెలుసు? నాకు ఇంగ్లీషులో నా సంతకం కూడా రాదు. నాటకాల్లో వేషాలు కట్టేవాణ్ణి. డేరా ఓనరు ఆ ఫిలిం పెట్టె చౌకగా వచ్చిందని తెచ్చినాడు. మొదటాటకు జనం అర్థంగాక ఇసక ఎత్తి తెర మీద పోసినారు. ఓనరు పరిగెత్తుకొచ్చి, శేషయ్యా, ఏదో ఒకటి చెప్పి డేరా కాపాడు అని మైకు చేతికిచ్చినాడు."

"మరి కథ ఆటకొకటి ఎట్టా అయింది?"

"రోజూ అదే చెప్తే రెండో రోజు ఎవురొస్తారు నాయనా? ముందర ఎవురు కూర్చున్నారో చూసుకుని చెప్పేవాణ్ణి. పెళ్లికాని పిల్లగాళ్లు కూర్చుంటే రాజకొడుకు. ఒకరోజు సర్పంచి రెడ్డిగారు కుటుంబంతో వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ఇనపోణ్ణి సర్పంచిని చేసేసినాను. ఆయన లేచి శాలువా కప్పినాడు."

"ఎర్ర శాలువానా?"

"నీకెట్టా తెలుసు?" అన్నాడు శేషయ్య ఆశ్చర్యంగా. తెర పక్కన శాలువా కప్పుకుని నిలబడింది ఆయన. పెంచల్‌రెడ్డి ఇన్నేళ్లూ దాన్ని ఇనప మనిషికి కోటుగా కుట్టించి తొడిగినాడు.

"మేనమామ?"

"అదింకో రోజు. ఇనపోడు తెర మీదికి రాగానే నేలలో ఒక పాప జడుసుకుని ఒకటే ఏడుపు. ఆట ఆగిపోయేట్టుంది. నేను మైకులో, భయపడబాక తల్లీ, ఆయన మీ మేనమామే, నీకు నీళ్లు తెచ్చిస్తాండాడు అన్నాను. ఏడుపు ఆగింది. ఇక ఆ ఆటంతా మేనమామనే నడిపించాల్సొచ్చింది."

నేను ఇంటికొచ్చి గ్రూపులో మళ్లీ రాసినాను. ఈసారి కథ ఒక్క ముక్క రాయలేదు, కళ్లు చూసినవే రాసినాను. ఇంగ్లీషు బొమ్మ, గాజుబుడ్లు, పైకెక్కే నీళ్లు, రొమ్ము మీద దీపం, ఒకచెయ్యి పెద్దది. తెల్లారేసరికి ఎవరో ఊరూపేరూ తెలీని పెద్దమనిషి సినిమా పేరు, చూసే దారి రెండూ పంపించినాడు. పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు ఫోన్లో చూసి, ఇందులో మేనమామ ఎక్కడున్నాడు అని నన్నడుగుతారు.

బొమ్మ మళ్లీ పడింది

ఒక ఆదివారం సాయంత్రం అందర్నీ ఆత్మకూరుకు పిలిచినాను. శేషయ్యను నేనే పోయి తీసుకొచ్చినాను. ఖాదర్ అక్కకు కొత్త గరిటె చెక్కి తెచ్చినాడు. పెంచల్‌రెడ్డి శాలువా సంగతి విని అలిగి, బోండాలు వచ్చేదాకా మాట్లాడలేదు.

శేషయ్య అక్కకు ఎదురుగా కూర్చుని, "అమ్మా, ఆ రోజు జడుసుకుని ఏడ్చిన పాపవు నువ్వేనంట గదా" అన్నాడు. ఈ మాట నేనే ఆయనకు దారిలో చెప్పినాను, ఆ ఆటలో మేనమామ మాకే వచ్చినాడు గాబట్టి.

అక్క ఆయన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. ఎడమచేతి చూపుడువేలు నిదానంగా లేచి నావైపు తిరిగింది.

"నేను... ఏడవలే. వీడు."

"పాప గదా అన్నాడు ఆయన!" అన్నాను.

"జడ" అనింది అక్క. "వీడికి... జడ. మొ...క్కు."

కొండకు మొక్కుబడి జుట్టు. పుట్టువెంట్రుకలు తీయించకుండా నాకు ఆరేళ్ల దాకా జడ వేసేవాళ్లు, అది నిజమే. ఖాదర్ నవ్వి నవ్వి బోండా పొలమారి, పెంచల్‌రెడ్డి వాడి వీపు చరచాల్సొచ్చింది. ఇనప మనిషి భోరున ఏడ్చినాడని ఇన్నేళ్లూ నేను చెప్తా వచ్చిన ఏడుపు నాదే. చీకట్లో చెవిలో పడిన ఏడుపును తీసుకుపోయి తెర మీద వాడికి అంటగట్టినాను. ఎంతోమంది సాక్షుల్ని తూర్పారబట్టినవాణ్ణి, నా వాఙ్మూలం ఏ కోర్టులోనూ నిలిచేది కాదు.

సినిమా పెట్టినాం. నలుపు తెలుపు బొమ్మ. పెంచల్‌రెడ్డి టీవీ రంగు పోయిందేమో చూడమన్నాడు. కోట్లు వేసుకున్న మనుషులు బల్ల చుట్టూ కూర్చుని ఇంగ్లీషులో ఎంతకీ తెగకుండా మాట్లాడుకుంటున్నారు. రాకెట్టు ఎగిరేసరికి ఖాదర్ ఆవలింతలు తీస్తున్నాడు. ఇనప మనిషి వచ్చినాడు. నాకు మాత్రం వెన్నులో చిన్నగా జలదరించింది, ఎవరికీ చెప్పలేదు. కింద పడుతున్న అక్షరాలు చదివి నేను కథ అర్థం చేసుకున్నాను. ఇనప మనిషి ఎవరికీ ఏమీ కాడు. నీళ్లు కొలిచే యంత్రమంట. వచ్చి, కొలిచి, పోతాడు.

ఇది చెప్పగానే అక్క మొగం చిన్నబోయింది. చూసి చూసి, "మూ...య్" అనింది. నన్నేమో అనుకున్నాను. టీవీ గొంతు మూయమని. మూసేసినాను.  తెర మీద నోళ్లు ఊరికే ఆడుతున్నాయి. అక్క శేషయ్యవైపు గడ్డం ఎగరేసి, "చె...ప్పు" అనింది.

ముసలాయన ఇబ్బందిగా నవ్వి, మైకు లేనిదే నోరు రాదన్నాడు. ఖాదర్ కొత్త గరిటె తీసి ఆయన చేతికిచ్చినాడు. శేషయ్య గరిటె నోటి దగ్గర పెట్టుకున్నాడో లేదో, నడుం నిటారైంది, గొంతు పదింతలైంది.

"ఆహా! చూడండి సోదరులారా! ఆ ఘోరమైన లోకంలో, అదుగో, మన బాలిక మేనమామ! పదేళ్లుగా చెల్లెలి జాడ వెతుకుతూ..."

"కాదు" అనింది అక్క.

శేషయ్య ఆగినాడు. "ఏందమ్మా?"

"చెల్లెలు... కాదు. అక్క. అక్క కూతురు."

"అవునవును, అక్క కూతురే. ఆ అక్క కూతుర్ని రాక్షసులెత్తుకుపోగా..."

"రాక్షసులు... లేరు" అనింది అక్క. ఎడమచెయ్యి చాపింది. శేషయ్య నావైపు చూసి, నెమ్మదిగా గరిటె ఆమె చేతిలో పెట్టినాడు.

అక్క గరిటె నోటి దగ్గర పెట్టుకుంది. తెర మీద నీళ్లు పైకి ఎక్కుతున్నాయి. "ఆ ఊళ్లో..." అని ఆగింది. ఆ తర్వాతి మాట ఎంతకీ రాలేదు. ఖాదర్ అందించబోతే పెంచల్‌రెడ్డి వాడి తొడ మీద గట్టిగా గిల్లినాడు. నేను నా అరచేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. మా ఇంటామె వంటింటి గడపలో పళ్లెంతో అట్లే నిలబడిపోయింది.

"ఆ ఊళ్లో... నీళ్లు లేవు" అనింది అక్క. "పాపకు... దప్పిక. మేనమామకు నోరు లేదు. చెప్పలేడు. చెయ్యి... పెద్దది. ఆ చేత్తో... తోడినాడు."

మొగమంతా చెమట పట్టింది. గరిటె మాత్రం దించలేదు. శేషయ్య కుర్చీలోంచి జారి, నేల మీద ఆమె కాళ్ల దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుని, నేల టిక్కెట్టు మనిషిలాగా మొగం పైకెత్తి చూస్తున్నాడు.

"తర్వాతేమైందమ్మా?" అన్నాడు.

అక్క ఆయనవైపు కసిరినట్టు చూసింది.

"ఉండు, చెప్తాండా గదా" అనింది.